మౌస్ చక్రం సంగతి

ఆమె తప్పు చేయలేదని నాకు ఆ రోజే తెలుసు. మేనేజర్ గారి గదిలో ఆమె పక్కనే నిలబడి కూడా ఆ మాట చెప్పలేదు. తర్వాత నాలుగేళ్ళూ చెప్పలేదు.

విడవలూరు దగ్గర రొయ్యలు కొని, వలిచి, ఎగుమతికి పంపే కంపెనీలో నేను ఆఫీసు సూపర్‌వైజర్‌ని. చెరువు నుంచి తెచ్చిన నమూనాను ల్యాబ్‌లో పరీక్షిస్తారు. ఆ ఫలితాన్ని వెబ్‌సైట్ ఫారంలో ఎక్కించే పని ఆమెది. నాకంటే రెండేళ్ళు పెద్ద, అక్కా అనేవాణ్ణి. ఫలితం అనే గడి మీద నొక్కితే చిన్న జాబితా కిందికి తెరుచుకుంటుంది: పాస్, మళ్ళీ పరీక్ష, రిజెక్ట్. ఒకటి ఎంచుకోవాలి. సేవ్ బటన్ మాత్రం పేజీ అడుగున ఎక్కడో ఉంటుంది.

చిక్కంతా అక్కడే. పాస్ ఎంచుకోగానే జాబితా మూసుకుంటుంది, పని అయిపోయిందనుకుంటాం. కానీ ఆ గడి ఇంకా మౌస్‌ను పట్టుకునే ఉంటుంది. పేజీ కిందికి జరపాలని చక్రం తిప్పితే పేజీ కదలదు, గడిలో మాట మారుతుంది. పాస్ కాస్తా రిజెక్ట్ అవుతుంది. మౌస్ కొంచెం పక్కకు జరిగాక పేజీ కదులుతుంది, మారిన గడి పైకి పోయి కనబడదు. హెచ్చరిక ఏదీ రాదు. ముందు ఖాళీ చోట ఒకసారి నొక్కి, ఆ తర్వాత చక్రం తిప్పితే చాలు. అంతే జాగ్రత్త.

అది నాకు ఆ రోజుకు ముందు వారమే తెలిసింది. నేను ఎక్కించింది ఒకటి అలాగే మారితే సరిచేసి ఊరుకున్నాను. ఎందుకంటే, కొత్త ఫారాన్ని అంతా పరీక్షించాననీ, లోపం ఏమీ లేదనీ హెడ్డాఫీసుకు రాసింది నేనే.

తర్వాత ఆమె ఎక్కించిన ఒక రైతు చెరువుకు రిజెక్ట్ పడింది. దాంతో రొయ్యలు తేవాల్సిన మా లారీ వెళ్ళలేదు. ల్యాబ్ వాళ్ళు పాస్ అని ఫోన్లో చెప్పి ఉండటంతో, ఆయన రొయ్యలు పట్టడానికి చెరువులో నీళ్ళు తగ్గించి, వలలతో, మనుషులతో ఎదురుచూశాడు. ఎండెక్కేసరికి ఆ కాసిని నీళ్ళలో రొయ్యలు చచ్చి తేలిపోయాయి. ఆయన గేటు దగ్గర అరిచిన అరుపులు లోపలి గదుల దాకా వినిపించాయి.

"పాస్ అనే పెట్టినా సార్. నా కళ్ళతో చూసి పెట్టినా," అంది ఆమె మేనేజర్ గారి గదిలో.

"దానంతట అదే మారిందా?" మేనేజర్ గారు నావైపు తిరిగారు. "ఏమయ్యా, అట్టా మారుద్దా?"

"చూడాలి సార్," అన్నాను.

అప్పటికే చూసి ఉన్నాను.

మర్నాడు ఆమెను రొయ్యలు వలిచే హాలుకు మార్చారు. రోజంతా నిలబడి, ఐసు నీళ్ళలో చేతులు పెట్టే పని. నేను అటు వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు, "రిజెక్టమ్మా, ఈ ట్రే పాసో కాదో చూసి చెప్పు!" అనేవారు. అందరూ నవ్వేవారు. ఆమె తల ఎత్తేది కాదు. నేను అటు వెళ్ళడం తగ్గించుకున్నాను.

ఈమధ్య కావలి ఆఫీసు నుంచి ఒకాయన, అప్పట్లో ఆమె కూర్చున్న కుర్చీలోకి బదిలీ మీద వచ్చాడు. మొదటి రోజే, "ముందు పక్కన నొక్కి, అప్పుడు చక్రం తిప్పు," అని అలవాటుగా చెప్పేశాను.

"ఇది నీకు ఎప్పట్నించి తెలుసన్నా?" అన్నాడు.

మామూలుగానే అడిగాడు. నాకు మాత్రం కూర్చోబుద్ధి కాలేదు. హాలుకు వెళ్ళి ఆమెను బయటికి పిలిచి అంతా చెప్పాను. తడి చేతులు ఏప్రాన్‌కు తుడుచుకుంటూ వింది.

"అయితే ఆ గదిలో నా పక్కన నిలబడినప్పుడే నీకు తెలుసు."

"తెలుసక్కా."

"మరి నాకెందుకు చెప్తావు సార్? పాస్ అనే పెట్టినానని నాకు తెలీదా? తెలీంది లోపల ఉండే ఆళ్ళకి. పో, ఆళ్ళకి చెప్పు."

టీ వేళకు మేనేజర్ గారిని కూడా హాలుకు రమ్మన్నాను. గ్లవుజులు తీసి కూర్చున్న ఆడవాళ్ళ ముందు నిలబడ్డాను.

"ఏంది సార్, రేపు సెలవా?" అన్నారెవరో.

"కాదమ్మా. ఆ రోజు ఈ అక్క పాస్ అనే పెట్టింది. మార్చింది ఫారం. అట్టా మారుతుందని నాకు ముందే తెలుసు. నాకు మాటొస్తుందని దాచినాను, ఆ మాట ఈమె పడింది. అక్కా, తప్పు నాది. నన్ను క్షమించు."