మా అత్త చౌడు మిద్దె

మొన్న కురిసిన వానకు మా స్లాబు ఇంట్లో టీవీ పక్కనే చుక్క పడింది. గిన్నె పెట్టాను. అందులో టక్కు టక్కుమని చప్పుడు అవుతుంటే మా ఆయన పేపరు మీంచి తల ఎత్తకుండా, "కొత్తిల్లు గదా, సర్దుకుంటాదిలే" అన్నాడు. ఈ మాట కూడా గుర్తు పెట్టుకుంటాను. నన్ను ఎవరేమన్నా నాకు మరుపు రాదు. అది నా జబ్బని మా పుట్టింట్లో అనేవాళ్లు. ముందుగా అన్నదెవరో కూడా చెప్పగలను. అయితే ఆ చప్పుడుకు నాకు గుర్తొచ్చింది పుట్టిల్లు కాదు, మా అత్త. ఆమె ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో వాన చుక్క పడలేదు.

అప్పట్లో మాది యాడికి అనే ఊరి దగ్గర పల్లెలో మట్టి మిద్దె. దూలాల మీద నాపరాళ్లు, వాటి మీద మూరెడు మట్టి, అన్నిటికన్నా పైన చౌడు. వంక గట్టున ఉప్పు పూసినట్టు తెల్లగా పొంగి ఉండే మన్ను అది. పొడిగా ఉంటే పిండిలా రాలుతుంది, వాన తగిలితే ఉబ్బి సందు లేకుండా మూసుకుపోతుంది. ఏటా ఎండాకాలం చివర మిద్దె బరువెక్కకుండా పాత పొర కొంత గీకి దించాలి, ఎలుకలు చేసిన బొక్కలు పూడ్చాలి, కొత్త చౌడు గంపలకెత్తి నిచ్చెన మీదుగా పైకి చేర్చి పరవాలి. మా ఆయన ఎద్దులబండిలో చౌడు తెచ్చి వాకిట్లో కుప్ప పోసి, తన వంతు తీరిపోయినట్టు తుండు దులుపుకుని వెళ్లేవాడు. మా అత్త పైన గొంతుక్కూర్చుని అరచేత్తో సర్దేది. మధ్యలో నిచ్చెన, నేను, గంప. కాళ్లు కాలేవి, కళ్లలో చౌడు పడి మండేది. పెళ్లయిన మొదటి ఏడు ఆమె నా గంపలోకి తొంగి చూసి, "ఏమమ్మీ, సగమే వచ్చినాది, తక్కింది మీ పుట్టింటికి పంపితివా?" అన్నది. ఆ రోజు నేను కట్టుకున్న చీర రంగు కూడా నాకు గుర్తుంది.

తర్వాత వానలు మొహం చాటేశాయి. చెనక్కాయ చేలు పూత మీదనే ఎండిపోయేవి. ఊళ్లోవాళ్లు మిద్దెల మాట మరిచిపోయారు. పగలు మిద్దెల మీద మిరపకాయలు ఎండబెట్టేవాళ్లు, రాత్రి పడుకునేవాళ్లు. వాళ్లు శుభ్రమైన మనుషులు గదా, పొద్దునా సాయంత్రం పొరకతో ఊడ్చేవాళ్లు. ఊడ్చి ఊడ్చి ఉన్న చౌడంతా వీధిలోకే నెట్టేశారు. మా అత్త మాత్రం ఆగలేదు. గంపతో నిచ్చెన ఎక్కుతున్న నన్ను చూసి పక్కింటామె తన మిద్దె మీంచి నవ్వింది. "వాన యాడుండాదని ఎత్తుకపోతాండావు మే? మీ అత్తకు పిచ్చి, నీకు పని!" నేను కిందికి దిగి గంప విసిరేశాను. మా అత్త పైనుంచే, "వాన మనల్ని అడిగి వచ్చాదా అమ్మీ? గంప అందుకో" అన్నది. అందుకున్నాను. కానీ ఇద్దరి మాటలూ మనసులో వేరువేరుగా మడిచి పెట్టుకున్నాను.

రెండో పంట కూడా పోయాక మా ఆయన బెంగళూరుకు పోదామన్నాడు. మా వీధిలో అప్పటికే కొన్ని ఇళ్లకు తాళాలు పడ్డాయి. బెంగళూరులో కట్టడాల దగ్గర పని, రేకుల గుడిసెలో కాపురం. నాకు ప్రాణం ఒప్పలేదు. మా అత్త నా పక్షాన మాట్లాడుతుందేమోనని చూశాను. ఆమె కొడుకుతో, "నువ్వు పోతే పో నాయనా. ఈ పిల్ల గూడా పోతే గంప మోసేదెవురు?" అన్నది. అంటే నా విలువ గంపంత! ఏడుస్తూనే గిన్నెలు మూట కట్టాను. మరునాడు పొద్దున బస్సు.

ఆ మధ్యాహ్నమే వాన దిగింది. వంకలు మరిచిపోయిన వాన. కాసేపటికి వీధిలో ఒక్కో ఇంట్లోంచి కేకలు మొదలయ్యాయి. పక్కింటామె తడిసిన పరుపుతో, పిల్లలతో, చెనక్కాయల మూటతో మా గడప ఎక్కింది. ఆమె వెనక ఇంకో ఇల్లు, ఇంకో ఇల్లు. నిలబడడానికి చోటు లేదు. అందరం తలలెత్తి పైకి చూస్తున్నాం. నెత్తిమీద చౌడు నీళ్లు తాగి ఉబ్బి బిగుసుకుంటున్నట్టు సన్నని సవ్వడి. మిద్దె గొట్టంలోంచి ధార వాకిట్లో దూకుతోంది. లోపల దూలాలు పొడిగా, దుమ్ముతో సహా అలాగే ఉన్నాయి. నా చేతులతో మోసిన మన్ను అంత ఆకాశాన్ని ఆపుతోంది. మా అత్త మాత్రం పొయ్యి దగ్గర కూర్చుని అందరికీ చాలేట్టు రాగిసంకటి కెలుకుతోంది.

ఎండ కాసి మిద్దెలు ఆరాక పక్కింటామె వచ్చింది. "అత్తా, మా మిద్దె గూడా చూడరాదా?" మా అత్త అప్పుడే కొంగు దోపింది. నేను గడపకు అడ్డం నిలబడ్డాను.

"వాన యాడుండాదంటివి గదక్కా?"

"అది ఇంకా మనసులో పెట్టుకున్యావా మే?"

"పెట్టుకున్యా. ఊరికే ఎక్కం. మిద్దెకింతని గుత్తకైతే వస్తాం, దుడ్లు ముందర."

వీధి వీధంతా విన్నది. ఆమె కాసేపు నా మొహం చూసి, మా మిద్దె చూసి, "సరేలే తల్లీ" అన్నది. మా అత్త నన్ను అప్పుడే కొత్తగా చూసినట్టు చూసింది. "దీని జబ్బు గూడా పనికొచ్చినాదే!" అన్నది. ఆమె నన్ను పొగిడింది ఆ ఒక్కసారే. పొగడ్తేనా అని ఇప్పటికీ నాకు అనుమానం.

బెంగళూరుకు కట్టిన మూటలు అటకెక్కి అక్కడే ఉండిపోయాయి, గిన్నెలు మాత్రం ఒక్కొక్కటే దిగొచ్చాయి. మా వీధి, పక్క ఊరు, తర్వాత తాడిపత్రి దారిలో పల్లెలు. మా ఆయన బండి తోలాడు, నలుగురు ఆడవాళ్లను పనికి పెట్టుకున్నాం. నేను గంప దించి గుత్తలు మాట్లాడేదాన్ని. అయినా ఊళ్లన్నీ "చౌడత్త పని" అన్నాయే తప్ప నా పేరు ఎవరూ ఎత్తలేదు. అదీ గుర్తుంది. కానీ ఏటా తొలివాన పడగానే మా అత్త గోనెసంచి నెత్తిన కప్పుకుని, మేము పనిచేసిన ఇళ్లకు పరుగెత్తేది. ఎవరింట్లోనో నట్టింట్లో కూర్చుని, వాన ఆగేదాకా పైకే చూసేది. తడిసి ముద్దయి ఇంటికొచ్చి, "పడలా" అనేది. అంతే.

తర్వాత ఊళ్లోకి స్లాబులు వచ్చాయి. మా అత్త పోయాక మేమూ మిద్దె తీయించాం. పార పెట్టి అంచు కోసినప్పుడు మట్టి చారలు చారలుగా కనిపించింది. వాన చూసిన ఏళ్లవి గట్టిగా, పలచగా. వాన రాని ఏళ్లవి పిండిలా, మందంగా. నేను విసిరేసి మళ్లీ అందుకున్న గంపెడు చౌడు కూడా అందులో ఎక్కడో ఉంది. పనివాళ్లను ఆగమని చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. ఏళ్లు గడిచిపోయాయని అందరూ అంటుంటారు. మా ఏళ్లు మాత్రం నేను ఒక్కో గంపగా పైకి మోసినవి. మమ్మల్ని తడవనీయకుండా అన్నాళ్లూ మా నెత్తిమీదే ఉన్నాయి.