అయిదు లీటర్ల తేడా

బండి అమ్మి మూడేళ్ళు దాటింది. దాని పుస్తకం మాత్రం ఇంకా నా బీరువా కింది అరలో ఉంది. పొడుగాటి పుస్తకం, నీలం అట్ట. ప్రతి పేజీలో స్కేలు పెట్టి నేను గీసిన నాలుగు గడులు ఉంటాయి: తారీఖు, మీటరు రీడింగు, పోయించిన లీటర్లు, విశేషాలు. డబ్బు సంగతి మా ఆయన చూసుకునేవారు, అందులో నేను వేలు పెట్టలేదు. బండి ఎంత తిరిగింది, ఎంత తాగింది అన్నదే నా వంతు.

మాది చిక్కడపల్లి. నారాయణగూడలో ఒక బడిలో ముప్ఫయి మూడేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా ఆయన నాకంటే రెండేళ్ళు ముందు రిటైరై, ఇంట్లో కూర్చోలేక మంచాలు కిరాయికిచ్చే పని పెట్టుకున్నారు. మా పేట తెలియనివాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు జిల్లాల నుంచి వచ్చే పిల్లలు అశోక్‌నగర్‌లో గదులు తీసుకుంటారు. ఆ రోజుల్లో గది అంటే నాలుగు గోడలు, ఒక ఫ్యాను, అంతే. ఇనుప మంచం, పరుపు, చదువుకునే బల్ల, మడత కుర్చీ మా దగ్గర కిరాయికి తీసుకునేవారు. నోటిఫికేషన్ పడగానే మంచాలు వెళ్ళేవి, పరీక్ష అయిపోయాక తిరిగి వచ్చేవి. వచ్చిన బల్లల మీద పెన్సిలుతో రాసిన సూత్రాలు, రాజుల వంశావళులు, నదుల పేర్లు ఉండేవి. తుడవడానికి చేతులొచ్చేవి కాదు. తరవాత వచ్చే పిల్లకో పిల్లాడికో పనికొస్తాయని ఉంచేసేదాన్ని.

ఈ మంచాలు మోయడానికి కొన్నది ఆ తెల్ల పికప్ బండి. వెనక తొట్టిలో ఎనిమిది మంచాలు నిలబెట్టి తాడు కడితే, చిక్కడపల్లి సందుల్లోంచి అది పెళ్ళివారి సామాను బండిలా వెళ్ళేది. పిల్లలు దాని వెనకే నడిచి వచ్చేవారు, పుస్తకాలు చంకలో పెట్టుకొని. బండిలో కూర్చోమంటే కూర్చునేవారు కాదు. తమ మంచం ఎక్కడ పడిపోతుందోనని చూస్తూ నడిచేవారు.

కొత్తలో బండి లీటరుకు పధ్నాలుగు కిలోమీటర్లు ఇచ్చేది. ఇది ఎవరో చెప్పిన మాట కాదు, నేను కట్టిన లెక్క. ట్యాంకు మూతిదాకా నింపించి మీటరు రాసుకోవాలి. మళ్ళీ మూతిదాకా నింపేటప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూసి, మధ్యలో తిరిగిన దూరాన్ని దానితో భాగించాలి. పది లీటర్లు, అయిదు లీటర్లు పోయిస్తే ఈ లెక్క కుదరదు. అందుకని మా బండికి ఎప్పుడూ ఫుల్ ట్యాంకే. అదీ పొద్దున్నే, ఎండెక్కకముందు. మా ఆయన నవ్వేవారు.

ఒక ఏడాది ఏ నోటిఫికేషనూ రాలేదు. వానాకాలమంతా బండి ఇంటిముందే నిలబడి తడిసింది. పాత డ్రైవరు వేరే పని చూసుకున్నాడు. ఎప్పుడైనా తీయాల్సివస్తే మా ఆయనే పదేసి లీటర్లు పోయించి నడిపేవారు. పుస్తకంలో ఆ నెలలన్నీ నేను అడ్డగీత కొట్టి ఉంచాను.

చలికాలంలో ఒక్కసారిగా రెండు నోటిఫికేషన్లు పడ్డాయి. గోదాములో ఉన్న నూట పన్నెండు మంచాలకూ అడిగేవాళ్ళు వచ్చారు. అప్పుడు కొత్త డ్రైవరును పెట్టుకున్నాం. పాలమూరు మనిషి, నలభై ఏళ్ళుంటాయి. భార్యాభర్తలిద్దరూ కూలిపనికి నగరానికి వచ్చి, అతను తాపీపని మానేసి డ్రైవింగు నేర్చుకున్నాడట. మాట తక్కువ. మంచం కోళ్ళు గోడకు గీసుకోకుండా మెట్లెక్కించేవాడు. అది నాకు నచ్చింది.

మొదటి ఫుల్ ట్యాంకు నుంచి రెండో ఫుల్ ట్యాంకుకు ముప్ఫయ్యారు లీటర్లు పట్టింది. పధ్నాలుగు చొప్పున అయిదువందల నాలుగు కిలోమీటర్లు తిరిగి ఉండాలి. మీటరు నాలుగువందల ముప్ఫయిరెండు చూపించింది. అంటే లీటరుకు పన్నెండు. డెబ్బైరెండు కిలోమీటర్లు తక్కువ, అంటే అయిదు లీటర్ల పైచిలుకు డీజిల్ ఎటో పోయింది. బండి చాలాకాలం నిలబడింది కదా అనుకున్నాను. మూడోసారి కూడా అంతే.

ఆ వారంలోనే అతను నా దగ్గరికి వచ్చి, ఫుల్ వద్దమ్మా, పదేసి లీటర్లు పోయించుకుందాం, ఫుల్ పోస్తే రెండురోజులు వాసన కొడుతున్నది అన్నాడు. కిందికి వంగి చూశాడట, బురద తప్ప ఏమీ కనిపించలేదట.

నేను ముప్ఫయి మూడేళ్ళు పిల్లల సాకులు విన్నదాన్ని. లెక్క తప్పిన పిల్లవాడు ముందు పలక మారుద్దామంటాడు. పదేసి లీటర్లు పోయిస్తే నా లెక్క కుదరదని ఇతనికి తెలిసిపోయిందనుకున్నాను. డీజిల్ బండికి డీజిల్ వాసన రాక మల్లెపూల వాసన వస్తుందా అని మాత్రం అన్నాను. అతను వెళ్ళిపోయాక పుస్తకం తీసి, విశేషాల గడిలో ‘డ్రైవరు’ అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. ఆ ప్రశ్నార్థకం ఎంత గుండ్రంగా వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది.

నాలుగోసారి కూడా లీటరుకు పన్నెండే వచ్చేసరికి, ఒక ఆదివారం పొద్దున గేటు దగ్గర పుస్తకం అతని ముందు పెట్టాను. మా ఆయన వరండాలో పేపరు చదువుతున్నారు, ఆపమన్నట్టు దగ్గారు. నేను ఆగలేదు. దొంగ అన్న మాట నా నోట రాలేదు. ఈ అయిదు లీటర్లు ఎటు పోతున్నాయో చెప్పు నాయనా అని అడిగాను, అంతే. కానీ పేజీ అతనివైపే తిరిగి ఉంది. పదోతరగతిదాకా చదివిన మనిషి. విశేషాల గడి చదివాడు.

 తరవాత జేబులోంచి బండి తాళం తీసి పిట్టగోడ మీద పెట్టాడు.

“నేను అమ్మలే, తాగలే అమ్మా. ఎటు పోతున్నదో నాకు తెల్వది. ఒక్కరోజు మీరు నాతోని బండిల తిరుగుండ్రి. మీకు దొరకకపోతే ఆ రాసింది అట్లనే ఉంచుండ్రి, నేను పోత.”

ఆ తాళం గోడ మీద ఉన్నంతసేపు నాకు పుస్తకం మూయడానికి చెయ్యి రాలేదు. మా ఆయన పేపరు మడిచి, “ఎక్కు, లెక్కల పంతులమ్మా. పరీక్ష నీకే పడ్డది,” అన్నారు.

మర్నాడు సోమవారం. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకొని ఆ బండి ముందుసీటు ఎక్కాను. బండి కొన్నాక నేను ఎక్కడం అదే మొదటిసారి. సంచిలో పుస్తకం, చేతి గడియారం, ఒక స్టీలు టిఫిన్ డబ్బా, మందు పోసే కొలత గ్లాసు. ముందు నారాయణగూడ బంకులో మూతిదాకా పోయించాం. నేను దిగి, పైపు తీసేదాకా పక్కన నిలబడ్డాను. మూత బిగించింది కూడా నేనే. వంతెన కిందనుంచి కళాశాలల పిల్లలు, ఆటోలు, కూరగాయల బండ్లు దాటుకుంటూ గోదాముకు వచ్చి ఏడు మంచాలు, పరుపులు ఎక్కించుకొని అశోక్‌నగర్ వెళ్ళాం.   లైబ్రరీ ముందు టీ బండి దగ్గర పిల్లలు నిలబడి ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కుంటున్నారు. వాళ్ళలో ఇద్దరు మా బండిని గుర్తుపట్టి చెయ్యి ఊపారు.

ఒక హాస్టలు ముందు బండి ఆపి మంచాలు దించుతుంటే నేను సీట్లోనే కూర్చున్నాను. అప్పుడు వచ్చింది వాసన. మామూలు బండి వాసన కాదు, బంకులో నిలబడ్డప్పుడు వచ్చే పచ్చి వాసన. దిగి చూశాను. ట్యాంకు కింద దుమ్ములో రూపాయి బిళ్ళంత తడి. నేను చూస్తుండగానే ఇంకో చుక్క పడింది.

మోకాళ్ళ నొప్పి మరిచిపోయి రోడ్డు మీద కూర్చుండిపోయాను. టిఫిన్ డబ్బా కింద పెట్టి గడియారం చూసుకున్నాను. నిమిషానికి డెబ్బైరెండు చుక్కలు. పది నిమిషాలకు పట్టినది కొలత గ్లాసులో పోసి చూశాను, ముప్ఫయి మిల్లీలీటర్లు. గంటకు నూట ఎనభై. ఇరవయ్యెనిమిది గంటలైతే అయిదు లీటర్లు. అయిదు లీటర్ల పైచిలుకు నా కళ్ళముందు చుక్కలు చుక్కలుగా పడుతున్నది. హాస్టలు పిల్లలు మంచాలు పట్టుకొని నిలబడి నన్నే చూస్తున్నారు.

అతను కిందికి దూరి, వేలితో తడిమి చెప్పాడు. ట్యాంకును పట్టి ఉంచే రెండు ఇనప పట్టీల్లో వెనకదాని కింద రబ్బరు అరిగిపోయింది. పట్టీ రాసుకొని రాసుకొని, వానకు తుప్పుపట్టి, ట్యాంకు పైభాగంలో చిల్లి పడింది. ట్యాంకులో డీజిల్ ముప్పాతికకు దిగిందంటే ఆ చిల్లికి అందదు, కారడం ఆగిపోతుంది. పదేసి లీటర్లు పోయించిన రోజుల్లో అది అక్కడిదాకా రానేలేదు. నేను మూతిదాకా నింపించిన ప్రతిసారీ అయిదేసి లీటర్లు కారిపోయాయి. మొదటి రాత్రి ఇంటిముందు కారినది పక్కింటివాళ్ళు ఇల్లు కడుతూ పోసుకున్న ఇసుక తాగేసింది.

నిజం కనుక్కోవడానికి పెట్టుకున్న ఫుల్ ట్యాంకే డీజిల్‌ను ఒలకబోసింది. ఇది నేను ఆ రోడ్డు మీద కూర్చొనే అర్థం చేసుకున్నాను. అతనికి పైకి చెప్పలేదు.

అతను హాస్టలు పిల్లవాణ్ణొకణ్ణి బట్టల సబ్బు అడిగి తెచ్చుకొని, చిల్లి మీద గట్టిగా రుద్దాడు. సబ్బు మెత్తబడి చిల్లిలోకి దిగింది, చుక్క ఆగింది. మెకానిక్కు దాకా వస్తదమ్మా అన్నాడు. మిగిలిన మంచాలు దించి, అందరికీ పరుపులు అప్పజెప్పాకే బండి తీశాడు.

నారాయణగూడలో మెకానిక్కు షెడ్డు రేకుల కింద రెండు బండ్లు పట్టేంత చోటు. మెకానిక్కు మా వయసువాడే. కింది నట్టు విప్పి డీజిల్ అంతా డబ్బాల్లోకి దించి, పట్టీలు ఊడదీసి, ట్యాంకును నేలమీద పెట్టాడు. స్క్రూడ్రైవరు కొసతో తుప్పు మీద నొక్కితే అది అప్పడంలా లోపలికి దిగిపోయింది. అతకాలంటే నీళ్ళు నింపి ఒకరోజు ఉంచి, లోపలి ఆవిరి పోయాక వెల్డింగు పెట్టాలట, లేకపోతే అంటుకుంటుందట. అంత చేసినా ఒకచోట అతికితే ఇంకోచోట చిల్లి పడుతుందన్నాడు. కొత్త ట్యాంకే వేయమన్నాను. నేను చుక్కలు లెక్కపెట్టిన సంగతి డ్రైవరు చెప్పగా విని ఆయన, “గ్లూకోజు ఎక్కించినట్టు లెక్కవెట్టినవా అమ్మా? అయితే నా పేషెంటు బతికింది తీయి,” అన్నాడు. డ్రైవరు నవ్వాడు. ఆ రోజు అతను నవ్వడం అదే మొదలు.

మంగళవారం సాయంత్రానికి కొత్త ట్యాంకు ఎక్కింది. కొత్త రబ్బర్లు పెట్టి పట్టీలు బిగించేటప్పుడు అతను కూడా మెకానిక్కు పక్కన వెల్లకిలా పడుకొని పట్టాడు. బండి ఇంటికి తెచ్చి నిలబెట్టి, మళ్ళీ తాళం పిట్టగోడ మీదే పెట్టాడు.

నేను పుస్తకం తెచ్చాను. విశేషాల గడిలో నేను రాసినదాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, కింద ‘ట్యాంకు చిల్లి, నా పొరపాటు’ అని రాశాను. సంతకం కూడా పెట్టి అతనికి చూపించాను. బడిలో మార్కులు తప్పు వేస్తే అలాగే దిద్దేదాన్ని. కొట్టేసినది కనబడాలి, దిద్దినదీ కనబడాలి. చెరిపేసే అలవాటు నాకు లేదు.

అతను చూశాడు. 

“కొట్టేసినా కింద డ్రైవరన్నది తీరుగనే కనవడుతున్నదమ్మా. ఆ కాయితం చింపుండ్రి.”

నా పుస్తకాల్లో నేను ఎప్పుడూ పేజీ చింపలేదు. బడి రోజుల నుంచి లేదు. ఆ మాటే చెప్పాను. పేజీ చింపితే ముందు లెక్క, వెనక లెక్క తెగిపోతాయన్నాను. అతను తాళం వైపు చూశాడు. మా ఆయన పేపరు దించలేదు గానీ చదవడం లేదని తెలుస్తూనే ఉంది.

స్కేలు తెచ్చి, కుట్టు పక్కన అదిమిపెట్టి, ఆ కాగితం చింపి అతని చేతికిచ్చాను. అతను నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. గోడ మీది తాళం తీసుకొని, రేపెన్ని మంచాలమ్మా అని అడిగాడు. పధ్నాలుగని చెప్పాను.

ఆ తరవాత అయిదేళ్ళు అతను మా బండి నడిపాడు. ఇప్పుడు హాస్టళ్ళే మంచాలతో సహా గదులిస్తున్నాయి, మా గోదాము ఖాళీ అయింది. సాయంత్రాలు అశోక్‌నగర్ వైపు నడిచి వెళ్తే, కిటికీల్లోంచి తలలు వంచుకొని చదివే పిల్లలు కనిపిస్తారు. ఆ బల్లలు మావి కావు.

పుస్తకం తీస్తే ఆ చోటే తెరుచుకుంటుంది. కుట్టు పుస్తకం కదా, ఒక కాగితం చింపితే దాని జోడు కాగితం అవతలివైపు ఊడివచ్చింది. దాన్ని అన్నం మెతుకుతో అతికించాను. కొత్త ట్యాంకు వేశాక మొదటి లెక్క దానిమీదే ఉంది. ముప్ఫయ్యైదు లీటర్లు, నాలుగువందల తొంభై కిలోమీటర్లు, లీటరుకు పధ్నాలుగు. విశేషాల గడి ఖాళీగా వదిలాను.