పేరు దగ్గర ఆగిన ప్రార్థన

నేను కుప్పంలో హైస్కూలు సైన్సు టీచర్ని. దయ్యాలు, ఆత్మలు అని స్టాఫ్ రూములో ఎవరైనా మొదలుపెడితే ముందు నవ్వేది నేనే. ఎనిమిదో తరగతికి ధ్వని పాఠం చెప్పేటప్పుడు బల్ల అంచున స్కేలు పెట్టి మీటి, ఏదో ఒకటి కంపించకుండా శబ్దం పుట్టదని చూపిస్తాను. ఇప్పటికీ అదే చెప్తున్నాను. ఎవరినీ నమ్మించాలని ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట పెట్టుకుంటే గుండె బరువు కొంచెం తగ్గుతుందేమోనని రాస్తున్నాను.

ముందు మా నాయన గురించి చెప్పాలి. బాప్తిస్మం పేరు దానియేలు, మిల్లులో అందరికీ దానప్ప. మదనపల్లె దగ్గర నూలు మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. మా ఇల్లు పుంగనూరులో. రోజూ బస్సులో పోయి వచ్చేవాడు. తెగిన దారాన్ని మిషను ఆపకుండా అతికించడం ఆయన పని. ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద కూడా దూది ఉండేది.

ఆ మిషన్ల హోరుకు ఆయన చెవులు పోయాయి. ఆ హోరులో మాట వినపడదు కాబట్టి మిల్లు వాళ్ళు గొంతు లేకుండా పెదాలతోనే మాట్లాడుకుంటారు. అవతలివాళ్ళ పెదాలు చూసి అర్థం చేసుకుంటారు. నాయన నాకూ నేర్పాడు. చర్చిలో ప్రసంగం సాగిపోతుంటే ఆయన మగవాళ్ళ వైపు నుంచి, నేను ఆడవాళ్ళ వైపు నుంచి చప్పుడు లేకుండా కబుర్లు చెప్పుకునేవాళ్ళం. అమ్మ చూస్తే తొడపాశం పెట్టేది.

చర్చికి మైకు కొన్నప్పుడు సంఘమంతా సంతోషపడితే నాయన ఒక్కడే పాస్టరు గారి మీద అలిగాడు. "ఆ మైకును నోటికడ్డం పెట్టుకుంటే వాక్యం నాకెట్ల కనపడుతుందయ్యా?" అని నిలదీశాడు. ఆ తర్వాత ఆ పాస్టరు గారు మా నాయన ముందు వరుసలో కనిపిస్తే చాలు, మైకు కాస్త కిందికి దించేవారు.

మనుషులతో పెదాలతో మాట్లాడే మనిషి, ప్రార్థన మాత్రం వీధి చివరికి వినబడేట్టు చేసేవాడు. మధ్యాహ్నం రెండు గంటలకు మొదటి షిఫ్టు దిగే వేళ. రిటైరయ్యాక కూడా సరిగ్గా ఆ వేళకే మోకరించేవాడు. మొదట అమ్మ పేరు, తర్వాత అన్న ప్రభాకర్ పేరు, తర్వాత నా పేరు, చివర మా పాప పేరు. ఒక్కొక్కరికి ఏం కావాలో అన్నీ విప్పి చెప్పేవాడు. తెలియనివాళ్ళు ఎవరినో తిడుతున్నాడని అనుకునేవాళ్ళు. ఆఖరున ఆమేన్ రెండుసార్లు అనేవాడు.

చిన్నప్పుడు ఒకసారి అడిగాను, ఎందుకు నాయనా అంత గట్టిగా అని.

"మనుసులకైతే పెదాలు సాలు. దేవునికి మిషన్ల మీదుగా ఇనపడాల గదమ్మా."

"మరి రెండో ఆమేన్ యాల?"

"మొదుటిది నాకే ఇనపడలా" అని నవ్వాడు.

ఇక నా సంగతి. నాకు రెండు పేర్లు. బడిలో, ఉద్యోగంలో సుగుణ. చర్చిలో, ఇంట్లో మార్తమ్మ. మా వైపు చాలా ఇళ్ళల్లో ఇంతే. కుప్పం వచ్చాక మాత్రం నేను సుగుణను మాత్రమే. ఆ రెండో పేరు చెబితే అద్దెకు ఇల్లు దొరకదేమోనని మొదట్లో భయపడ్డాను. ఇల్లు దొరికాక కూడా ఆ భయం పోలేదు. వాక్యం క్యాలెండరును కూడా పడకగదిలో తలుపు వెనక తగిలించుకున్నాను.

రెండేళ్ళ కిందట నాయన వారం రోజులు ఉందామని మా ఇంటికి వచ్చాడు. ఆ ఆదివారం తోటి టీచర్లు నలుగురు భోజనానికి వచ్చారు. ఇంటి ఓనరమ్మ కూడా వచ్చి కూర్చుంది. మాటల్లో పడి నేను గడియారం చూసుకోలేదు. రెండయింది. లోపలి గదిలో నాయన గొంతు లేచింది. "ప్రభువా, నా బిడ్డ మార్తమ్మను జ్ఞాపకం సేసుకో" అన్నాడు. నాకు తల తీసేసినట్టయింది.

ప్రార్థన ముగిశాక ఓనరమ్మ అడిగింది, "మార్తమ్మ ఎవురు టీచరమ్మా?"

"మా మేనత్తలెండి. చనిపోయింది" అన్నాను.

అంటూ తల తిప్పితే గది గుమ్మంలో నాయన నిలబడి ఉన్నాడు. ఆయన చూపు నా పెదాల మీద ఉంది.

అప్పుడైనా ఊరుకోవాల్సింది. వాళ్ళంతా వెళ్ళాక ఇంకో మాట కూడా అన్నాను. "ప్రార్థనలో ఆ పేరు ఎత్తొద్దు నాయనా" అన్నాను. ఆయన కోపగించుకోలేదు. "సరేమ్మా, ఎత్తనులే" అన్నాడు. మర్నాడు పొద్దున్నే పుంగనూరు బస్సెక్కాడు. మళ్ళీ కుప్పం రాలేదు.

నేను కుప్పంలో వద్దన్నానని అనుకున్నాను. ఆయన ఎక్కడా వద్దన్నానని తీసుకున్నాడు. సెలవులకు పుంగనూరు పోయినప్పుడు విన్నాను. అమ్మ పేరయింది, అన్న పేరయింది. అక్కడ ఆగిపోయాడు. ఒక మనిషి గురించి చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు మౌనంగా ఉండి, తర్వాత పాప పేరు ఎత్తుకున్నాడు. నేను వెళ్ళి ఆయన ఎదుట నిలబడి, నా పేరు చెప్పు నాయనా అని పెదాలు కదిపితే చాలు. గొంతు కూడా అక్కర్లేదు. ఈసారి చెప్దాం, వచ్చేసారి చెప్దాం అనుకుంటూ రెండేళ్ళు గడిపేశాను. నా అంత మొండిదాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

పోయిన చలికాలం నాయనకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. మదనపల్లెలో ఆసుపత్రిలో పెట్టారు. నేను ఇంటికి తాళం వేసి, మా ఆయనను, పాపను తీసుకుని వెళ్ళాను. మూడో రోజు నాయన పక్కన నేను ఉన్నాను. ముఖానికి ఆక్సిజన్ మాస్కు. మాట పెగలడం లేదు. గోడ గడియారంలో రెండయింది. మాస్కు లోపల పెదాలు కదలడం మొదలుపెట్టాయి.

వంగి చూశాను. అమ్మ పేరు తెలిసింది. ప్రభాకర్ అన్నది కూడా తెలిసింది. ఆ తర్వాత మాస్కంతా ఆవిరి పట్టింది. లోపల ఏమీ కనబడలేదు. తుడుద్దామంటే ఆవిరి లోపలి వైపు. అంతలో డాక్టరు గారు రౌండుకు వస్తున్నారని నర్సు నన్ను బయటికి పంపించింది. మళ్ళీ లోపలికి పిలిచేసరికి రెండున్నర. నాయన లేడు.

నా పేరు దగ్గర ఆయన ఆగాడా, లేదా? సమాధుల తోటలో మట్టి వేస్తున్నప్పుడు కూడా నా తలలో ఈ ఒక్క ప్రశ్నే తిరుగుతోంది.

నాలుగో రోజు సాయంత్రం కుప్పం వచ్చాం. మా పక్క వాటాలో నూర్జహానక్క ఉంటుంది. జాకెట్లు కుడుతుంది. ఆమె చేరి అప్పటికి నాలుగు నెలలే అయింది. మా నాయనను ఎప్పుడూ చూడలేదు. ఆయన పోయిన సంగతి కూడా అప్పటికి ఆమెకు తెలియదు. నన్ను చూడగానే వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"సుగుణమ్మా, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. మీ ఇంట్లో మార్తమ్మ అంటే ఎవురు?"

తాళం తీయబోతున్నదాన్ని ఇటు తిరిగాను. ఎందుకక్కా అన్నాను.

"సోమవారం మద్యానం నమాజు సేసుకోని మిషను మీద కూసుంటి. మీ గోడెంబడి ఎవురో పెద్దాయన దువా సేస్తాండాడు. సెవుడు ఉండేవాళ్ళు మాట్లాడినట్ల, గట్టిగా. టీవీ ఆపకుండా పోయినారేమో అనుకోని బయటికొచ్చి సూస్తే తాళమేసుండాది. మళ్ళా లోపలికొచ్చి సెవి పెట్టి ఇంటి. మార్తమ్మా, మార్తమ్మా అనేదే ఎక్కువ. బిడ్డ తప్పేమీ లేదు అంటాండె. ఇంగోటి సెప్తా సూడు, నేను మిషను తొక్కితే ఆ గొంతు పెరుగుతాండె, ఆపితే తగ్గుతాండె. కడాన రెండు తూర్లు ఆమీన్ అనె."

నాయన పోయింది ఆమె మిషను తొక్కుతున్న ఆ సోమవారం పూటే. వేళ అడిగితే, నమాజయ్యాక ఒక జాకెట్టు చేతులు కుట్టేంతసేపటికి అంది. లెక్క వేసుకుంటే రెండూ, రెండుంపావు.

లోపలికి వెళ్ళి టీవీ చూశాను. ప్లగ్గు పీకి ఉంది, నేను పీకినట్టే. ఫోన్లు మా దగ్గరే ఉన్నాయి. నాయన గొంతు ఎక్కడా రికార్డు చేసుకోలేదు, అది వేరే బాధ. ఓనరమ్మ ఆమెకు చెప్పి ఉంటుందా అంటే, ఓనరమ్మకు తెలిసిన మార్తమ్మ చచ్చిపోయిన మేనత్త. రెండు ఆమేన్లు ఓనరమ్మ ఆ ఆదివారం విని ఉన్నా, బిడ్డ తప్పు సంగతి నాకూ నాయనకూ తప్ప ఎవరికీ తెలియదు. సగం పూట బస్సు ప్రయాణమంత దూరంలో, మాట పెగలని మనిషి గొంతు తాళం వేసిన ఇంట్లో ఎలా వినబడిందో, అక్కడ ఏం కంపించిందో, పాఠం చెప్పే నాకే తెలియదు. ఎన్నిసార్లు ఆలోచించినా మొదటికే వస్తున్నాను.

నేను తిరిగి బయటికి వచ్చేసరికి నూర్జహానక్క ఇంకా మెట్టు మీదే ఉంది.

"ఎవురమ్మా ఆమె? పోయినారా?" అని మెల్లగా అడిగింది.

ఎదురింటి వాళ్ళు వాకిట్లోనే ఉన్నారు. ఓనరమ్మ పైనుంచి బట్టలు తీస్తోంది.

"పోలేదక్కా. మార్తమ్మ అంటే నేనే" అన్నాను. అందరికీ వినబడేట్టు, గట్టిగానే అన్నాను. ఆ మాట నా పెదాల మీద చూడాల్సిన మనిషిని అప్పటికే పుంగనూరు మట్టిలో పెట్టి వచ్చాం.