రెండు గొట్టాల అతుకు

ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో నేను పనిచేసిన కార్ల విడిభాగాల ఫ్యాక్టరీ మూతపడేనాటికి మా అమ్మాయి ప్రైమరీ స్కూల్లో ఉంది. నా భార్య అక్కడి ఆసుపత్రిలో కంటి వార్డు నర్సు. తొంభైల చివర్లో ఆమె ఉద్యోగం పట్టుకునే మేం ఆ దేశం వచ్చాం. ఆమె డ్యూటీల రోటాను బట్టే మా ఇంట్లో వంటా నిద్రా జరిగేవి. నేను విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద పని నేర్చుకున్నవాణ్ణి. పని చూపించే జాబ్ సెంటర్ చుట్టూ కొన్ని నెలలు తిరిగాక, బర్మింగ్‌హామ్‌లో తుపాకులు చేసే ఒక చిన్న వర్క్‌షాప్‌లో కుదిరాను. యుద్ధాల తుపాకులు కావు. వేటకు వెళ్ళే డబ్బున్నవాళ్ళ కోసం చేత్తో చేసే, పక్కపక్కనే రెండు గొట్టాలుండే రైఫిళ్ళు.

ఆదివారం చర్చిలో ఆంటీలెవరైనా నా పని గురించి అడిగితే నా భార్య ‘ఇంజినీరింగ్ వర్క్‌షాప్ అండీ’ అని మాట తప్పించేది. మా అమ్మాయి దాచేది కాదు. మీ తుపాకులతో ఏనుగుల్ని చంపుతారా అని ఇంగ్లీషులో నిలదీసేది. చంపేవాళ్ళను నేనెప్పుడూ చూడలేదని తెలుగులో చెప్పేవాణ్ణి. అది నిజమే. మా దగ్గర తుపాకీ కొన్నవాళ్ళలో నేను మొహం చూసినవాళ్ళు బహు తక్కువ.

వర్క్‌షాప్ ఒక పాత ఇటుక భవనం పై అంతస్తులో ఉండేది. యజమానిని అందరూ గాఫర్ అనేవారు. ఆ ఊళ్ళో పనివాళ్ళు యజమానిని పిలిచే మాటే అది. అరవై దాటిన మనిషి, వెడల్పాటి భుజాలు, మాట తక్కువ. నేను చేరినప్పుడు ఇంకా నలుగురైదుగురు ఉండేవారు. ఒకరు రిటైరయ్యారు, ఒకరు పోయారు, మిగిలినవాళ్ళు వేరే పనులు వెతుక్కున్నారు. వాళ్ళ స్థానంలో ఎవరూ రాలేదు. చివరికి ఆయనా నేనూ మిగిలాం. మధ్యాహ్నాలు ఆయన భార్య వచ్చి టీ పెట్టి, ఫోన్లు చూసుకుని వెళ్ళేది.

గొట్టాలు అతకడం ఆయనే నాకు నేర్పించాడు. రెండు గొట్టాలూ సమానాంతరంగా ఉంటాయని అంతకు ముందు నేననుకునేవాణ్ణి. అలా అతికితే తూటాలు చెరోవైపు పోతాయి. కుడి గొట్టం పేలినప్పుడు తుపాకీ పైకి, కుడికి తన్నుతుంది. ఎడమది ఎడమకు తన్నుతుంది. ఆ తన్ను గొట్టంలోంచి తూటా బయటపడకముందే మొదలవుతుంది. అందుకని తూటా బయటికొచ్చే మూతుల దగ్గర గొట్టాలు కాస్త దగ్గరకు వచ్చేలా అతకాలి. ఎంత దగ్గరకన్నది ఏ లెక్కా ముందుగా చెప్పదు. మందుగుండు పెట్టే వెనక వైపు ఇత్తడి కరిగించి గట్టిగా అతికేస్తాం. అది మళ్ళీ కదలదు. అక్కణ్ణుంచి మూతుల వరకూ గొట్టాల మధ్య పైనా కిందా సన్నటి ఉక్కు పట్టీలు పెట్టి, ఇనుప తీగతో బిగించి, టంకం పట్టేందుకు రజన్ అనే బంక పొడి చల్లి, టంకం పారిస్తాం. మూతుల మధ్య చిన్న ఉక్కు చీలిక ఉంటుంది, అది లోపలికి దిగితే మూతులు దూరమవుతాయి, బయటికొస్తే దగ్గరవుతాయి. ఆ తర్వాత ఊరి బయట ఒక పాత క్వారీకి తీసుకెళ్ళి కాల్చి చూడాలి. రెండు తూటాలూ ఒకేచోట పడకపోతే మూతుల దగ్గర వేడి చేసి, టంకం కరిగించి, చీలికను వెంట్రుకవాసి జరిపి, చల్లారనిచ్చి మళ్ళీ కాల్చాలి. అలా కుదిరేదాకా.

అతకడం నా పని, కాల్చడం గాఫర్ పని. కాగితం మీద పడ్డ రంధ్రాలను చూసి, చీలిక లోపలికా బయటికా అన్నది ఆయన చెప్పేవాడు. నేను జరిపేవాణ్ణి. కుదిరిన రోజున ఆయన ఏమీ అనేవాడు కాదు. కాగితం మడిచి జేబులో పెట్టుకునేవాడు. తిరుగుదారిలో వ్యాన్ ఆపి ఇద్దరికీ చేపా చిప్సూ కొనేవాడు.

మా చివరి రైఫిల్ ఆఫ్రికాకు వెళ్ళే ఒక పెద్దమనిషి చేయించుకున్నది. గొట్టాలు చేసిచ్చే ముసలాయన తన పని మానేసే ముందు మాకిచ్చిన ఆఖరి జత దానికి వాడాం. అతుకు బాగా వచ్చింది. వేసవిలో క్వారీకి తీసుకెళ్ళాం. మొదటిసారి తూటాలు దూరందూరంగా పడ్డాయి. అది మామూలే. చీలిక జరిపాం. రెండోసారీ అంతే. వేసవి పోయి ఆకులు రాలేనాటికి ఎన్నిసార్లు కరిగించి అతికానో లెక్క మరిచిపోయాను. ఒకరోజు కుడి తూటా ఎడమకు పడేది, మరో రోజు కిందకు. గాఫర్ కాగితం చూసి ఏదో ఒకటి చెప్పేవాడు, నేను చేసేవాణ్ణి. తప్పు నా టంకంలోనే ఉందని నాకు గట్టిగా అనిపించేది. ఇంట్లో అన్నం తింటూ కూడా చేతులు చూసుకునేవాణ్ణి.

నవంబరులో ఒక ఉదయం గ్యాస్ సిలిండర్ ఖాళీ అయింది. వేడి చేసి చీలిక జరపడం కుదరలేదు. ఆ మాట చెప్పే లోపే ఆయన వ్యాన్ స్టార్ట్ చేశాడు. చెప్పకుండా ఎక్కాను. ఏ మార్పూ చేయని తుపాకీ కాబట్టి తూటాలు ముందురోజు పడ్డచోటే పడాలి. కానీ ఆ చోటికి అరచెయ్యంత ఎడంగా పడ్డాయి. గాఫర్ కాగితాన్ని చాలాసేపు చూసి, మనం జరిపింది ఎక్కువైందన్నాడు. తుపాకీ సర్ది వ్యాన్ ఎక్కాను.

వర్క్‌షాప్‌కు వచ్చాక గొట్టాలను దారానికి వేలాడదీసి వేలిగోటితో కొట్టాను. అతుకు ఎక్కడన్నా వదిలితే గరగరమంటుంది. గంటలా మోగింది. అతుకులో లోపం లేదు. నాకు ఊరట కలగాల్సింది, కానీ తప్పు నా అతుకుది కాకపోతే ఇక మిగిలింది కాల్చే మనిషే.

ఆ క్రిస్మస్‌కు గాఫర్‌నూ ఆయన భార్యనూ మా ఇంటికి భోజనానికి పిలిచాం. వాళ్ళకు పిల్లల్లేరు. నా భార్య కారం తగ్గించి బిర్యానీ చేసింది. ఆయన ఇష్టంగానే తిన్నాడు. మా అమ్మాయి ఏనుగుల ప్రశ్న ఆయన్నే అడిగేసింది. ఆయన నవ్వకుండా, నేనూ ఒక్కదాన్నీ చంపలేదమ్మా, కాగితాల్నే చంపానన్నాడు. అందరం నవ్వాం. వాళ్ళు వెళ్ళాక నేను గిన్నెలు తుడుస్తుంటే నా భార్య పక్కన నిలబడి మెల్లగా అంది.

“ఏవండీ, మీ గాఫర్ గారికి కుడి కన్ను కనపడట్లేదు.”

“పేపర్ చదువుతాడు, వ్యాన్ నడుపుతాడు. ఎందుకు కనపడదు?”

“ఎడం కంటితో నెట్టుకొస్తన్నారు. నాతో మాట్టాడేటప్పుడు నా చెవి వంక చూస్తన్నారు. కప్పు అందుకునేటప్పుడు కూడా తల పక్కకి తిప్పారు. మా వార్డుకి వచ్చేవాళ్ళు అట్టాగే చూస్తారండీ. పక్కచూపు ఉంటది, నడిమజ్జన పోద్ది.”

“నడిమజ్జనంటే?”

“దేన్ని చూడాలనుకుంటే అదే కనపడదు.”

దానికి మందుందా అని అడిగాను. ఒక రకానికి ఏవో ఇంజెక్షన్లు వస్తున్నాయని విన్నానంది. రెండో రకానికి ఏమీ లేదని, రెండో కన్ను కూడా అదే దారిన పోవచ్చని చెప్పి, గిన్నె నా చేతికిచ్చింది.

జనవరిలో మళ్ళీ క్వారీకి వెళ్ళాం. గడ్డి మీద మంచు గట్టిపడి ఉంది. ఆయన నిలువు కర్రకు చేయి ఆనించి తుపాకీ భుజానికెత్తాడు. నేను పక్కనే నిలబడి, కాగితం మీద నల్లచుక్క కనిపిస్తోందా అని అడిగాను. ఆయన తుపాకీ దించలేదు.

“కాగితం అంచులు కనిపిస్తాయి,” అన్నాడు. “చుక్క ఎక్కడుంటుందో నాకు తెలుసు.”

“ఎప్పటినుంచి?”

“పోయిన వేసవికి ముందునుంచి. ఇంట్లో తలుపు చట్రం వంగి కనిపించింది. చట్రమే వంగిందనుకున్నాను. దాన్ని విప్పి మళ్ళీ బిగించాను.”

“మీ ఆవిడకు తెలుసా?”

“తెలియదు. కాల్చేవాణ్ణి నేను. నేను కాల్చలేనని ఒప్పుకుంటే ఆ వర్క్‌షాప్ గదిలో ఇంకేముంది?”

నాకు కోపం వచ్చింది. ఆరేడు నెలలు వేళ్ళు కాల్చుకున్నాను. బాగున్న అతుకుల్ని ఊడదీసి మళ్ళీ మళ్ళీ అతికాను. కానీ ఆయన మొహం చూస్తే కోపం నిలవలేదు. మొదటిసారి ఆయన నా చెవి వంక చూస్తున్నాడని నాకు తెలిసింది. తుపాకీ నా చేతిలో పెట్టి, నువ్వు కాల్చు అన్నాడు.

ఎడం కంటితో గురిచూద్దామని తుపాకీ ఎడమ భుజానికి పెట్టుకుని ఆయన అంతకుముందే ఒంటరిగా ప్రయత్నించాడట. నలభై ఏళ్ళుగా ఒకవైపు అలవాటైన ఒళ్ళు మాట వినలేదు. ఇక నేనే కాల్చాలి. నేను సన్నటి మనిషిని. ఆ తుపాకీ తన్నితే రెండడుగులు వెనక్కి పడ్డాను. కానీ తూటాలు ప్రతిసారీ పడ్డచోటే పడ్డాయి. కుడి గొట్టంవి అన్నీ చుక్కకు ఎడమగా, ఎడమ గొట్టంవి అన్నీ కుడిగా. అంటే ఆయన కంటిని నమ్మి మూతుల్ని మరీ దగ్గరకు తెచ్చేశాం. ఇప్పుడు విడదీయాలి. ఎంతోకాలానికి ఒక సరైన జవాబు దొరికినట్టయింది. ఆ రోజు గాఫర్ చిప్స్ కొన్నాడు. వ్యాన్‌లో ఇద్దరం మామూలుగా మాట్లాడుకున్నాం. నా భుజం నల్లగా కమిలిపోయింది. నా భార్య ఆయింట్‌మెంట్ రాసింది.

ఆ సంతోషం ఆ వారమే పోయింది. మూతుల దగ్గర వేడి చేశాను. టంకం పారలేదు. బూడిదరంగులో పొడిపొడిగా రాలింది. శుభ్రం చేసి కొత్త టంకం పెట్టాను. పట్టుకోలేదు. గాఫర్ వచ్చి పట్టీ మొత్తం లేపమన్నాడు. లేపాను. లోపల, మనిషి కంటికి ఎప్పుడూ ఆనని చోట, అన్నిసార్లు కరిగించినప్పుడు చిక్కుకున్న రజన్, తేమ కలిసి ఉక్కును తినేశాయి. రెండు గొట్టాల మీదా తుప్పు గుంటలు పడ్డాయి. గాఫర్ చూడలేదు. బొటనవేలితో మూతి నుంచి వెనక్కి మెల్లగా తడుముతూ వచ్చాడు. ఒకచోట ఆగాడు. వేలు అక్కడే కాసేపు ఉంచాడు.

“ఇది పరీక్షకు నిలవదు,” అన్నాడు.

ఆ దేశంలో ఏ తుపాకీనైనా అమ్మేముందు ఎక్కువ మందుగుండుతో పేల్చి పరీక్షిస్తారు. పలచబడ్డ గొట్టం ఆ దెబ్బకు విచ్చుకుంటుంది. గుంటలు పోయేలా రాకి నునుపు చేస్తే ఇంకా పలచనవుతుంది. కొత్త గొట్టాలు చేసేవాళ్ళు వేరేచోట ఉన్నారు, తెప్పిద్దామన్నాను. తెప్పించి ఎవరు కాల్చి చూస్తారన్నాడు. నేను కాలుస్తానన్నాను. ఆయన నా భుజం మీద చేయి వేయబోయి, కమిలిన వైపని గుర్తొచ్చిందేమో, తీసేశాడు.

కొనబోయే పెద్దమనిషికి గాఫర్ భార్యే ఫోన్ చేసింది. ఆయన చాలా మర్యాదగా, పర్వాలేదు, వేరేచోట తుపాకీకి ఆర్డరిచ్చానన్నాడట. అప్పుడే ఆమెకు కంటి సంగతీ తెలిసింది. ఎలా తెలిసిందో, వాళ్ళేమనుకున్నారో నాకు తెలియదు. మర్నాడు ఆమె టీ పెట్టి, కప్పు ఆయన చేతికే అందించి, వేళ్ళు దాని చుట్టూ మూసింది. అంతకు ముందు బల్ల మీద పెట్టి వెళ్ళేది.

భవనం యజమాని దాన్ని ఫ్లాట్లుగా మార్చేందుకు కౌన్సిల్ అనుమతి తెచ్చుకున్నాడు. గాఫర్ ఎదురు చెప్పలేదు. పనిముట్లు కొన్ని ఎవరో కొనుక్కెళ్ళారు, మిగతావి తుక్కులోకి పోయాయి. ఆ చివరి రైఫిల్ గొట్టాలను చట్టం ప్రకారం అలాగే వదిలేయకూడదు, కోసి పాడుచేయాలి. ముందు వేడి చేసి విడదీశాను. వెనుక ఇత్తడి అతుకు మాత్రం ఊడలేదు. రంపం పెట్టి అడ్డంగా కోశాను. గాఫర్ కిటికీ దగ్గర కూర్చుని ఆ చప్పుడు విన్నాడు. మధ్యలో ఒకసారి, రంపం గట్టిగా నొక్కకు, దాన్నే కోసుకోనీ అన్నాడు. నేర్పేటప్పుడు మాట్లాడిన గొంతే.

తర్వాత కోవెంట్రీ శివార్లలో ఒక వేర్‌హౌస్‌లో చేరాను. పెట్టెలు ఎత్తి దించే పని. ఇంగ్లీషు రాకపోయినా, చేతిపని రాకపోయినా చేయొచ్చు. చర్చిలో నా భార్య ఇప్పుడు నా పని గురించి ధైర్యంగా చెప్పేది. మా అమ్మాయి ఏనుగుల గురించి అడగడం మానేసింది.

గాఫర్‌ను చూడడానికి అప్పుడప్పుడు వెళ్ళేవాణ్ణి. ఊరి చివర చిన్న బంగళాకు మారారు. రెండో కన్ను కూడా పోవడం మొదలైందని ఆయన భార్య చెప్పింది. రెండు వేల ఎనిమిదిలో ఆఖరిసారి వెళ్ళినప్పుడు టీవీ పెద్దగా మోగుతోంది, ఆయన దానికి పక్కవాటుగా కూర్చున్నాడు. వేర్‌హౌస్ గురించి అడిగాడు. చెప్పాను. చేతులెలా ఉన్నాయన్నాడు. బాగున్నాయన్నాను. ఆ తర్వాత వాన గురించి మాట్లాడుకున్నాం.

ఆమె గుమ్మం దాకా వచ్చి, తలుపు వెనక్కి లాగి, గొంతు తగ్గించి చెప్పింది. నేను వచ్చి వెళ్ళాక ఆయన కొన్నాళ్ళు వర్క్‌షాప్‌నే తలుచుకుంటూ సరిగా తినడట, ఎవరితోనూ మాట్లాడడట. వచ్చినందుకు సంతోషమే, నువ్వు మంచివాడివి, కానీ ఇకపై రాకపోతేనే మంచిదేమో అంది. నేను సరేనన్నాను. ఆమె నా కోటు కాలర్ సరిచేసి తలుపు వేసుకుంది. బస్సు కోసం చాలాసేపు నిలబడ్డాను.