మాట పడిపోయిన మా అవ్వ ఆ రోజు అన్నది

మహిమ గల దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన చేసిన మేలును దాచుకుని కూర్చోవడం నాకు తగదు కాబట్టి ఇది రాస్తున్నాను.

నేను దయ్యాలను నమ్మను. సండే స్కూల్లో పెరిగిన దాన్ని. దురాత్మల గురించి వాక్యంలో చదివాను గాని, మన ఇళ్ళల్లో మూలమూలకూ ఏదో తిరుగుతుందంటే ఒప్పుకోను. కల వచ్చింది, సూచన కనిపించింది అని ఎవరైనా చెబితే సంఘంలో నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడిగేది నేనే. ఇది మాత్రం మా ఇంట్లో, పట్టపగలు, నా చెవులతో విన్నది.

తొంభైలలో మేము మెట్‌పల్లిలో అద్దెకుండేవాళ్ళం. నా భర్త ఒక ఆఫీసులో తీసేసిన పాత కంప్యూటరు కొని ఇంటికి తెచ్చారు. పెళ్ళి పత్రికలు, సంఘం కరపత్రాలు నేను టైప్ చేసేదాన్ని. ప్రింటర్ లేదు. ఫ్లాపీలో వేసుకుని కరీంనగర్ వెళ్ళి ప్రింటు తీయించుకునేవాళ్ళం.

మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, మాతోనే ఉండేది. చదువు రాదు. బీడీలు చుడుతూ దేవుని మీద పాటలు కట్టేది. ఆదివారం ఆమె పాట ఎత్తుకుంటే సంఘమంతా అందుకునేది. అవి ఎక్కడా రాసి లేవు. ఒక ఎండాకాలం ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె పాడుతుంటే నేరుగా కంప్యూటరులో టైప్ చేశాను. పుస్తకం వేద్దామని పాస్టరుగారు అన్నారు. అవ్వ మురిసిపోయింది.

"సదువు రానిదాని పేరు అచ్చుల పడ్తదా? నన్ను ఆట పట్టిస్తుండ్రా అందరు కలిసి?"

ఆ వానాకాలంలోనే ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. ఏం చెప్పబోయినా మూలుగే వచ్చేది. ఆ పాటలు మొదటి నుంచి చివరి దాకా ఆమెకు తప్ప ఎవరికీ రావు. ఇక అవి మా కంప్యూటరులో తప్ప లోకంలో మరెక్కడా లేవు.

అవి పోతాయేమోనన్న భయం నా భర్తకూ ఉంది. అన్నీ ఫ్లాపీల్లోకి ఎక్కించమన్నారు. అంతకుముందు మేము వాడినవి పెద్ద ఫ్లాపీలు. వాటి అంచున చిన్న గాటు ఉండేది. దాని మీద స్టిక్కరు అంటిస్తే ఇక అందులో ఏదీ రాయడానికి, చెరపడానికి వీలుండదు. ఆ గాటును మేము బొక్క అనేవాళ్ళం. కొత్తగా వచ్చిన చిన్న ఫ్లాపీలకు మూలన చదరపు బొక్క, దాని మీదికి జరిపే మూత ఉన్నాయి. ఎక్కించాక నేను తుడిచి పెట్టేటప్పుడు ఆ మూతలు పక్కకు జరిగి బొక్కలు తెరుచుకుని ఉన్నాయి. వీటికీ అదే పద్ధతి అనుకున్నారాయన.

"అన్నిటి బొక్కలు ముయ్యి. తెరిచుంటే లోపలికి పురుగు సొస్తది" అన్నారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్కో ఫ్లాపీ మూత జరిపి పక్కన పెడుతున్నాను. ఆయన పేపరు చదువుతున్నారు. అవ్వ పాటలున్న ఫ్లాపీ తీసుకుని మూత మీద గోరు ఆనించాను. లోపలి గదిలోంచి అవ్వ గొంతు వినిపించింది. మూలుగు కాదు. వెనకటి గొంతే, స్పష్టంగా.

"గా చిన్న కిటికి ముయ్యకే బిడ్డా. తెరిచుండనియ్యి."

ఆయన పేపరు దించి నా ముఖం చూశారు. ఇద్దరం లోపలికి పరిగెత్తాం. అవ్వ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. "అవ్వా, మల్లొక్కసారి అనవే" అని బతిమాలాను. మళ్ళీ మూలుగే. ఆ గదికి ఉన్నది ఒకటే కిటికీ, పెద్దది. అది తెరిచే ఉంది. మాట వచ్చిందన్న సంతోషంలో పాస్టరుగారికి కబురు పంపాం. ఆ ఫ్లాపీకి మూత జరపనేలేదు.

కొన్నాళ్ళకు నా భర్త స్నేహితుడొకరు ఏదో ఆట ఉన్న ఫ్లాపీ ఇచ్చారు. ఈయన ఆడారు. మరునాడు తెర మీది అక్షరాలు ఒక్కొక్కటే ఊడి, జారి, అడుగున కుప్పపడ్డాయి. చూడవచ్చిన పక్కింటి లచ్చవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మీ పెట్టెకు ఏదో సోకిందే. ఉప్పు దిగదియ్యున్రి."

"ఉప్పుతోని దిగదీస్తే తుప్పు పడ్తది లచ్చవ్వా" అన్నారాయన. "దయ్యం లేదు గియ్యం లేదు. మన మొకం ఎన్నడు చూడనోడెవడో కూసొని, మన్ది ఖరాబు చెయ్యాల్నని రాసిండు. దాన్ని వైరస్ అంటరు."

లచ్చవ్వ మాటకు భయపడని నేను ఆ మాటకు భయపడ్డాను. మాతో ఏ పగా లేని మనిషి మాకు కీడు తలపెట్టడం ఏమిటి?

కంప్యూటరులో మా ఫైళ్ళు ఒక్కటీ మిగల్లేదు. ఆయన కంగారుగా ఫ్లాపీలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూశారు. పెట్టినదల్లా పాడైంది. అవ్వ పాటలది కూడా తెరుచుకోలేదు. బయటికి తీసి, మూల చూసి తల పట్టుకున్నారు.

"గిదొక్కటే బొక్క తెరిచి పెట్టినవా? జర ఆలోచన చెయ్యద్దా!"

అవ్వకు ఈ సంగతి చెప్పలేదు. ఆమె మంచం పక్కన కూర్చుంటే ఏడుపు ఆగలేదు.

ఫ్లాపీలన్నీ కరీంనగర్‌లో కంప్యూటరు నేర్పే సెంటరుకు తీసుకెళ్ళాం. అక్కడి సారు తమ కంప్యూటరులో పరీక్షించారు. మూసినవన్నీ పోయాయి. తెరిచి ఉన్నది చెక్కుచెదరలేదు. మా కంప్యూటరే చెడి దాన్ని చదవలేకపోయిందట. చిన్న ఫ్లాపీలకు పద్ధతి తిరగబడిందని, బొక్క తెరిచి ఉంటేనే తాళం వేసినట్టని, మూస్తే వైరస్ అందులో రాసుకుంటుందని సారు చెప్పారు. తిరుగు బస్సులో మా ఆయన ఆ ఫ్లాపీని మెట్‌పల్లి దాకా చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు.

డాక్టరును అడిగాను. పక్షవాతం వచ్చినవాళ్ళకు ఎప్పుడైనా ఒక మాట అలా బయటికి రావచ్చన్నారు. సరే, వచ్చింది. కానీ లోపలి గదిలో ఉన్న అవ్వకు నా చేతులు కనిపించవు. ఫ్లాపీ సంగతులు ఆమెకు తెలియవు. మా ఇంట్లో ఎవరమూ దాన్ని కిటికీ అనలేదు.

పుస్తకం అచ్చయింది. కూటం రోజు అవ్వను కుర్చీలో తీసుకెళ్ళి ముందు కూర్చోబెట్టాం. సంఘం పాడుతుంటే ఆమె పెదవులు ప్రతి మాటకూ కదిలాయి. గొంతు మాత్రం రాలేదు. ఒళ్ళో పెట్టిన పుస్తకం మీద తన పేరు ఎక్కడుందో చూపిస్తే, ఎడమచేతి వేలితో దాన్ని తడుముతూనే ఉంది.

ఆమె ప్రభువు దగ్గరికి వెళ్ళి చాలా ఏళ్ళయింది. దేవుడే పలికించాడని సంఘం అంటుంది. నా విశ్వాసమూ అదే. అయినా ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో వివరించమంటే ఇప్పటికీ నాకు చేతకాదు.

చదివిన మీరు నాతో కలిసి ఒక్క క్షణం తల వంచండి. తండ్రీ, ముఖం చూపకుండా కీడు చేసేవాని మనసు మార్చు. మాకు అర్థం కాని వేళ కూడా నీ మాట వినే చెవి మాకివ్వు. మాట పడిపోయి మంచాన ఉన్న ప్రతి తల్లి పక్కనా ఈ పూట నీవు కూర్చో. ఆమేన్.