నీళ్ళడిగిన మధ్యాహ్నం

నా చిన్నప్పుడు, మూడో తరగతి చదివే రోజుల్లో, మా నాన్నకు ఒక మంచి పని చేతిదాకా వచ్చి పోయింది. పోయిందనడం తప్పు, ఆయనే వద్దన్నాడు. ఆ కోపం నాకు చాలా ఏళ్ళు పోలేదు.

మాది మాచర్ల దగ్గర పల్లె. నాన్న నాపరాళ్ళ క్వారీలో రాయి కొట్టేవాడు. వేరే క్వారీ యజమాని ఒకాయన, తన దగ్గరి మేస్త్రీ మానేస్తున్నాడని, ఆ పనిలోకి రమ్మని నాన్నకు కబురంపాడు. ఎండలో సుత్తి పట్టక్కర్లేదు. ఉండడానికి రేకుల గది కూడా ఇస్తారు. వానొస్తే ఇంట్లో గిన్నెలన్నీ నేల మీద పరిచే బతుకు మాది. ఆ గదిని తలుచుకుని అమ్మా నేనూ మురిసిపోయాం. నేనైతే నా పలక ఏ మూల పెట్టుకోవాలో కూడా అనుకున్నాను.

నాన్న వెంటనే ఔననలేదు. చూసొస్తానని నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు. పొద్దున్నే పోరాదా అని అమ్మ అంటే, "కూటి ఏళకే పోవాల" అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

నాన్న పనిచేసే చోట ఒక పద్ధతి ఉండేది. మధ్యాహ్నం అందరూ ఒక్కచోట కూర్చుని, ఎవరి పచ్చడి వాళ్ళు ముందు పక్కవాళ్ళకు పెట్టి, ఆ తర్వాతే ముద్ద కలిపేవాళ్ళు. కొత్తవాడు వచ్చినా అంతే. నేను అన్నం తీసుకెళ్ళిన రోజు నాకూ నాలుగు రకాలు దొరికేవి. చూడ్డానికెళ్ళిన ఈ కొత్త క్వారీలోనూ అలాగే అనుకుని మూట విప్పాను. ఎవరూ మా వైపు తిరగలేదు. తలా ఒక రాతి పక్కన చేరి గబగబా తింటున్నారు.

కారం నషాళానికంటి నీళ్ళడిగాను. కుండ పక్కనున్న పెద్దాయన ముంత ముంచి, ఆగాడు. దూరంగా పందిరి కింద కూర్చున్న మేస్త్రీ మొహం వైపు చూశాడు. మేస్త్రీ తల ఊపాకే ముంత నా చేతికొచ్చింది. నాకది వింతగా కూడా అనిపించలేదు. నాన్న మాత్రం ఆ తర్వాత ముద్ద ముట్టలేదు.

ఇంటికి రాగానే, నాన్న ఆ పని వద్దనొచ్చాడని విని అమ్మ మండిపడింది. "ఏందయ్యా, నువ్వు పోయి వాళ్ళని మంచిగా చూసుకుంటే పోలా?"

"ఆ యజమానికి కావాల్సింది, నీళ్ళియ్యాలన్నా జనం బయపడి చూసే ఆ మేస్త్రీ మొకమేనే. నేను గాదు" అన్నాడు నాన్న.

అమ్మ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇంకో రెండు వానాకాలాలు గిన్నెలు పరుస్తూనే ఉన్నాం. ప్రతి చినుక్కీ నేను నాన్నను తిట్టుకున్నాను.

పెద్దయ్యాక నరసరావుపేటలో ఒక పత్తి మిల్లులో ఆడకూలీల మీద మేస్త్రీగా రమ్మంటే, నేనూ మధ్యాహ్నం పూటే వెళ్ళాను. అక్కడ పచ్చళ్ళు చేతులు మారుతున్నాయి. ధైర్యంగా చేరిపోయాను. మొన్న మా మనవరాలు హైదరాబాద్ కంపెనీ ఆఫర్ లెటర్ చూపించి ఏం చెయ్యమంటావని అడిగితే, ఇదంతా చెప్పాను. "అయితే ముందు క్యాంటీన్ చూడాలన్నమాట" అని నవ్వింది.

మనవరాలికి చెప్పనిది ఒకటుంది. మిల్లులో పదేళ్ళు గడిచాక ఒక రోజు, దారిన పోయే ముసలమ్మ వచ్చి నీళ్ళడిగింది. కొత్తగా చేరిన పిల్ల గ్లాసు ముంచి, ఆగి, నా మొహం వైపు చూసింది. నాన్న తప్పించుకున్న మొహం నాకెప్పుడు వచ్చిందో నాకే తెలియలేదు. సిగ్గుతో లేచి వెళ్ళి ఆ నీళ్ళు నేనే ఇచ్చాను.

మంచిచోటు చూసుకుని చేరడంతో పని అయిపోదని మనవరాలికి చెప్పాలి. ఈసారి వచ్చినప్పుడు చెబుతాను. ఇవాళ్టికీ మా గుమ్మంలో ఎవరు నీళ్ళడిగినా, ఇంట్లో ఎంతమంది ఉన్నా, ఈ నొప్పుల మోకాళ్ళతోనే నేను ముందు లేస్తాను.