నా టైర్లు, మా మామ గాలి

మా ఇంట్లో శివరాత్రి పోగానే కారు టైర్లలో గాలి తగ్గిస్తారు. శ్రీశైలం నడిచిపోయిన వాళ్లు కర్నూలు తిరిగొచ్చేలోపు ఆ పని అయిపోవాలి. మా మామ పెట్టిన నియమం అది. ఆయన, ఆయన తమ్ముడు కలిసి బేతంచెర్ల నాపరాళ్లు మోసే లారీ నడిపినవాళ్లు. "ఎండకు లోపల గాలి ఉబ్బుతాది, టైరు పగుల్తాది, ముందే తీసెయ్యాల" అంటాడు. ఆయన ఒక్కడే కాదు, మా కర్నూల్లో ఏ బంకులో గాలి పట్టేవాణ్ణి అడిగినా ఇదే మంత్రం. నేను ఆయన కోడల్ని, పిల్లలకు సైన్సు చెప్పే మనిషిని. అది తప్పని బండి కొన్న రోజు నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. వినే నాథుడేడీ! స్టీరింగు నాది, ఆదివారం బంకుకు తీసుకుపోయే పెత్తనం మాత్రం ఆయనది.

నా బడి నందికొట్కూరు దాటి లోపలికి పోవాలి. కారు లేని రోజుల్లో రెండు బస్సులు, ఒక షేర్ ఆటో, ఆ తర్వాత నడక. రోజూ ఆలస్యమే, రోజూ హెడ్మాస్టరు మొహం చూడాల్సిందే. ఆ చిన్న కారు వచ్చాకే నేను మనిషినయ్యాను. ఆ సంగతి ఎవరు నవ్వినా సరే, గట్టిగా చెబుతాను.

మొన్న ఎండాకాలం ఒంటిపూట బడులు మొదలైన వారంలో జరిగింది. ఒంటిపూట అంటే బయటివాళ్లకు సుఖంగా వినిపిస్తుంది గాని, సరిగ్గా తారు కరిగే వేళకు బండి తీయాలి. ఇంటికి వస్తుంటే వెనక టైరు ఢామ్మంది. బండి ఒక పక్కకు లాగింది, స్టీరింగు గట్టిగా పట్టుకొని మెల్లగా జొన్న కోసిన చేను పక్కకు తెచ్చి ఆపాను. నేనే స్టెప్నీ మార్చుకొని ఇంటికొచ్చాను.

మామ పగిలిన టైరు చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "నేను చెప్పలే? ఇంకా తగ్గించాల్సింది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. టైరును ఆయన ముందుకు దొర్లించి చూపించాను. రెండు అంచులూ గుండు కొట్టించినట్టు నున్నగా ఉన్నాయి, మధ్యలో రోడ్డును పట్టుకునే బటన్లు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. గాలి చాలని టైరు అంచుల మీద నడుస్తుంది, ఒళ్లు నలిగి నలిగి వేడెక్కుతుంది. మిగతా మూడూ అదే వాటం.

"ఇది ఎండ చేసిన పని కాదు మామా, మీ చెయ్యి చేసిన పని" అన్నాను.

ఆయన నావైపు చూడకుండా నా మొగుడితో అన్నాడు: "బండి అమ్మేద్దాంరా. ఆయమ్మ బస్సులో పోతాది."

"ఆయమ్మ పోదు" అన్నాను నేను.

వంటింట్లోంచి మా అత్త కూడా తొంగిచూసింది. చివరికి మామే బేరం పెట్టాడు. "సరే. టైర్లు నువ్వే చూసి తెచ్చుకో. ఈ ఎండలు పొయ్యేలోపల ఇంకొక్కసారి దోవలో నిలబడితే తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టాల. ఒప్పుకుంటావా?" ఒప్పుకున్నాను. ఒప్పుకోక!

ఇక సలహాలు మొదలయ్యాయి. మామ స్నేహితుడొకాయన రీబటన్ టైర్లు వేయిస్తానన్నాడు, అరిగిన టైరుకు కొత్త బటన్ అతికించేది. లారీకి వేసుకోండి, నాకొద్దన్నాను. మా తోటి టీచరు ఏదో పేరు తెలియని చౌక టైరు సగం ధరకు వస్తుందంది. సగం ధరకొచ్చి సగం దూరం కూడా నడవని టైరు చౌకెలా అవుతుందో నాకర్థం కాదు. నాకు కావలసింది పందేలకు పోయే టైరు కాదు, పొద్దున పోయి మధ్యాహ్నం వచ్చే టైరు. నాలుగైదేళ్లు నోరెత్తకుండా నడవాలి.

టైర్ల దుకాణాయన నన్ను చూడనే చూడలేదు. "సార్, కొంచెం వెడల్పుది వేసుకోండి, బండి లుక్కే మారిపోతాది" అని మా ఆయనకు చెబుతున్నాడు. మా ఆయన ఫోనులోకి తల దూర్చాడు.

"లుక్కు నాకెందుకప్పా? పెట్రోలు ఎక్కువ తాగుతాది. తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసిన సైజే ఇయ్యి" అన్నాను.

అప్పుడు తిరిగాడు నావైపు. ఎక్కువ దూరం నడిచే రకం చూపించమన్నాను. బటన్ గట్టిగా, లోతుగా ఉన్నవి తెచ్చాడు. టైరు పక్క గోడ మీద వేడిని తట్టుకునే తరగతి అక్షరం ఉంటుంది, అది చూశాను, బాగుంది. ఇవైతే తగ్గించి ఇస్తానన్నాడు. తగ్గిస్తానన్నాడంటే ఏదో ఉందని ఫోను లైటు వేసి తయారైన వారం, సంవత్సరం చెప్పే నాలుగంకెలు వెతికాను. రెండెండాకాలాలు రేకుల గోడౌనులో ఉడికిన సరుకు!

"ఇది పాతది."

"వాడలేదు గదమ్మా, కొత్తదే!"

"రబ్బరు కూర్చున్నా ముసలిదవుతాదప్పా, మనుషుల మాదిరే. ఈ మధ్య తయారైనవి తెప్పించు, రేపొస్తా."

"ఏం మేడమ్, పిల్లకు సంబంధం చూసినట్టు చూస్తాండారు!" అన్నాడు నవ్వుతూ.

"పిల్లయితే నచ్చకుంటే ఇంటికన్నా తిరిగొస్తాది. టైరు దోవలోనే నిలబెడతాది" అన్నాను. దుకాణమంతా నవ్వింది, మా ఆయనతో సహా. మర్నాడు తాజా సరుకు వచ్చింది. ముందు రెండే మార్చుకోమన్నాడు, నాలుగూ వేయించాను. అలైన్‌మెంటు దగ్గరుండి చేయించుకున్నాను. గాలి స్టిక్కరు మీదున్నంత, ముప్పైమూడు పాయింట్లు. మీటరు ముల్లు నా కళ్లతో చూసి మరీ బయల్దేరాను.

వారం తిరక్కుండా బండి మెత్తబడినట్టనిపించింది. బంకులో చూపిస్తే నాలుగింటిలోనూ తక్కువ. నింపించాను. మళ్లీ తగ్గింది. గాలి కారే టైర్లు అంటగట్టావని దుకాణానికి పోయి గొడవేసుకున్నాను. పాపం, ఆయన చక్రాలు విప్పి నీళ్ల తొట్టిలో ముంచి చూపించాడు. ఒక్క బుడగ రాలేదు. "గాలి తనంతట తాను యాడికి పోతాదమ్మా?" అన్నాడు. నాకూ అదే అనుమానం తగులుకుంది.

మర్నాడు తెల్లారకముందే లేచి, అలికిడి లేకుండా తలుపు తీశాను. మా మామ ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చొని ఉన్నాడు. నోట్లో ఉండాల్సిన వేపపుల్ల వాల్వులో ఉంది. సుయ్యిమని గాలి పోతోంది.

"మామా!"

ఆయన ఉలిక్కిపడలేదు. పుల్ల తీసి మెల్లగా లేచాడు.

"నన్ను దోవలో నిలబెట్టి తాళాలు గుంజుకుందామనా?" అని అరిచాను. వీధంతా వినబడితే వినబడనీ అనుకున్నాను.

"తాళాలు ఎవరిక్కావాలమ్మా?" అన్నాడు. "మా తమ్ముడు ముందు టైరు పగిలే పోయినాడు. వాడు నడుపుతాండాడు, నేను పక్కన కూచోనుండా. ఇట్లాంటి ఎండకాలమే. నువ్వు పుస్తకంలో చదివినావు, నేను కండ్లతో చూసినా. నువ్వు మద్యాన్నం ఇంటికొచ్చేదాకా నాకు అన్నం దిగదు."

తమ్ముడు లారీ ప్రమాదంలో పోయాడని తెలుసు గాని, ఆయన నోటి నుంచి అదే మొదటిసారి వినడం. నా కోపం సగం అక్కడే చచ్చిపోయింది. మిగతా సగం చావలేదు, చావనివ్వలేదు. ఆయన భయం నిజం, ఆయన చేస్తున్న పనే నన్ను చంపుతుంది. జాలిపడి ఒప్పుకుంటే నేనూ ఏదో ఒక రోజు ఆ జొన్న చేను పక్కనే పడుంటాను.

"ఆదివారం నాతో రండి. ఒక వెనక టైరుకు మీ గాలి, ఇంకోదానికి నా గాలి. నందికొట్కూరు పోయి వద్దాం. మీ చేత్తోనే చూడండి" అన్నాను.

పాత లారీ డ్రైవర్లు బండి ఆపిన ప్రతిచోటా దిగి, టైర్ల మీద అరచెయ్యి పెట్టి వేడి చూసుకునేవాళ్లు. ఆ చెయ్యి మీద ఆయనకున్న నమ్మకం నాకు తెలుసు. నా పుస్తకాన్ని నమ్మకపోయినా దాన్ని నమ్ముతాడు.

ఎడమ వెనకది ఆయనే కోరుకొని గాలి తీశాడు, కుడిదానికి నేను ముప్పైమూడు పట్టించాను. రెండు టైర్లకూ ఎండ సమానంగా తగిలేట్టు నడిమధ్యాహ్నమే బయల్దేరాం, ఎండ నెత్తిమీదుంది, ఏ పక్కా ఎక్కువ తక్కువల్లేవు. నిదానంగా నడిపాను. దారి పొడుగునా నేను లోలోపల ఉబ్బిపోతున్నాను. ఈరోజుతో తాడోపేడో తేలిపోతుంది, ఇక ఈ ఇంట్లో నా బండి జోలికి ఎవడూ రాడు.

ఇంటి ముందు ఆపగానే దిగి, కుడి టైరు పక్క గోడ మీద అరచెయ్యి పెట్టాడు. అలాగే ఉంచాడు. అటుపక్కకు పోయి ఎడమ టైరు మీద పెట్టాడు, చటుక్కున తీసేశాడు. మళ్లీ కుడిది చూశాడు. మళ్లీ ఎడమది. ఈసారి కావాలనే, కాలుతున్నా తీయకుండా పెట్టుకున్నాడు.

"చూశారా?" అన్నాను. ఎంత పొంగిపోతూ అన్నానో!

ఆయన వచ్చి గడప ముందు మెట్టు మీద కూలబడ్డాడు.

"ఆ పొద్దు డోన్ కాడ బండి ఆపి గాలి తీసింది నేనేనమ్మా. వాడు వద్దన్యాడు. లోడు మీదుండాం, ఇప్పుడు తీయొద్దన్నా అన్యాడు. నేనే ఇన్లా."

నా పొంగంతా అక్కడే ఇంకిపోయింది. "అవి పాత కాలం ట్యూబు టైర్లు మామా, ఏం చేసినా పగిలేవి" అన్నాను గబగబా.

"నువ్వు పిల్లోళ్లకు చదువు చెప్పేదానివి. అబద్ధం చెప్పొద్దు" అన్నాడు.

చెప్పలేదు ఇక. అత్త రెండుసార్లు పిలిచినా ఆయన అన్నానికి లేవలేదు. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను. గెలిచింది నేనే. ఇన్నేళ్లూ ఆ మనిషి ఎండను తిట్టుకుంటూ బతికాడు, ఆ ఆధారం కాస్తా నేను లాగేశాను. అయినా నాది తప్పు కాదు. ఆ మాట ఇప్పుడూ అంటాను, ఏడుస్తూ కూడా అదే అన్నాను.

మర్నాడు బడికి పోతూ బంకులో ఆగాను. గాలి పట్టేవాడు అలవాటుగా, "ఎండలు ముదిరినాయమ్మా, రెండు పాయింట్లు తగ్గించేదా?" అన్నాడు.

"ఒక్క పాయింటు తగ్గకూడదప్పా" అన్నాను. వాడికి వినబడేట్టు ఇంకోసారి అనాల్సి వచ్చింది.